మిల్లు ఆగితే ఫోన్ ఎవరికి?

ప్రశ్న: మిర్యాలగూడలో మాది చిన్న వర్క్‌షాప్. రైస్ మిల్లులకు బకెట్ ఎలివేటర్లు, అంటే బెల్టుకు బిగించిన బకెట్లతో వడ్లను పైకి చేర్చే యంత్రాలు తయారు చేస్తాం. బయటి నుంచి చవక సరుకు దిగుతోంది. “ఏడాదంతా సర్వీసు కూడా మీరే చూస్తామంటే మీ దగ్గరే కొంటాం” అంటున్నారు మిల్లు ఓనర్లు. మోటార్లు, ప్యానెళ్ల పని మాకు రాదు. ఒక ఎలక్ట్రీషియన్‌ని, బేరింగుల షాపాయన్ని కలుపుకుని చేయొచ్చా?
– ఒక పాఠకుడు

జవాబు: చేయొచ్చు. కాకపోతే రాత్రిపూట మిల్లు ఆగితే ఓనర్ ఫోన్ ఎవరికి చేయాలో ముందు తేల్చండి. మీకే చేయాలి. ముగ్గురి నంబర్లూ ఇచ్చారో, బేరింగు పోయిందని ఒకరు, మోటారుదే తప్పని ఇంకొకరు వాదించుకుంటుంటే బయట వడ్ల లారీలు బారులు తీరతాయి.

మీకు తెలియంది కాదు, ఎలివేటర్ అడుగున బెల్టు తిరిగే పుల్లీ దగ్గర దుమ్ము చేరి గ్రీజు గట్టిపడుతుంది. బేరింగు వేడెక్కుతుంది. బెల్టు పక్కకు జారి బకెట్లు రేకుకు ఒరుసుకుంటాయి. ఆ చప్పుడు మీ ఫిట్టర్‌కు ముందే తెలుస్తుంది, బయటివాడికి తెలియదు. మీరు అమ్మాల్సింది ఆ చెవినే! వానాకాలం కోతలకు ముందోసారి, యాసంగి కోతలకు ముందోసారి అతన్ని పంపండి.

రేటు సంగతి. 1959లో వచ్చిన జిరాక్స్ 914 యంత్రాన్ని నెలకు 95 డాలర్ల అద్దెకిచ్చారు. 2,000 కాపీలు దాటితే కాపీకింత అని అదనం. 1962లో బ్రిస్టల్ సిడ్లీ కంపెనీ విమాన ఇంజన్ సర్వీసుకు ఎగిరిన గంటల లెక్కన డబ్బు తీసుకోవడం మొదలుపెట్టింది. అవి చూసి మీరు మిల్లు ఆడించిన క్వింటాలుకింత అనకండి. సాగర్ ఎడమ కాలువకు నీళ్లు రాని ఏడాది మిల్లుతో పాటు మీరూ ఖాళీగా కూర్చోవాలి. ఏడాదికి ఒకే మొత్తం మాట్లాడుకోండి, స్పేర్లకు వేరే బిల్లు.

బేరింగుల షాపాయనతో రాయించుకోవాల్సింది ఒక్కటే: సీజన్‌లో మీ సైజులు ఆయన దగ్గర ఎప్పుడూ ఉండాలి, మిగిలితే మీరు కొంటారు. డబ్బు దగ్గర చెడేది ఎక్కువగా ఎలక్ట్రీషియన్‌తోనే. మిల్లు బిల్లు రాలేదని అతని కూలి ఆపడం మన దగ్గర మామూలే, నాకది బొత్తిగా నచ్చదు. అతనికి ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే నమోదు) ఉంటే 2006 ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం, మీరు రాసుకున్న గడువు ఎంతైనా 45 రోజుల్లోపు చెల్లించాల్సిందే. రాతకోతలే లేకపోతే 15 రోజులే. మీకూ రిజిస్ట్రేషన్ ఉంటే మిల్లువాళ్లను ఇదే చట్టం చూపించి అడగొచ్చు. లేకపోతే ఈ వారమే చేయించుకోండి, ఆన్‌లైన్‌లో ఫీజు లేదు.