ప్రేమ వచ్చినా పట్టు సడలని నేరకథ

ప్రశ్న: మేము తీయబోయే లఘుచిత్రంలో నాయిక ఎస్సై, నాయకుడు దొంగ. వారిద్దరూ మొజంజాహీ మార్కెట్టులో ఐస్‌క్రీము తింటూ మాట్లాడుకునే సన్నివేశం రాగానే కథ పట్టు సడలుతోందని చదివినవారంతా అంటున్నారు. స్టీవెన్ సోడర్‌బర్గ్ తీసిన ‘అవుట్ ఆఫ్ సైట్’లో ఆ ఇబ్బంది ఎందుకు లేదు?
– ఒక పాఠకురాలు, నారాయణగూడ, హైదరాబాదు

జవాబు: ఎల్మోర్ లెనర్డ్ నవల ఆధారంగా 1998లో వచ్చిన ఆ చిత్రంలో బ్యాంకు దొంగ జాక్‌గా జార్జ్ క్లూనీ, అతడిని పట్టుకోవలసిన ఫెడరల్ మార్షల్ కారెన్‌గా జెన్నిఫర్ లోపెజ్ నటించారు. ప్రేమలో పడ్డాక కూడా ఆమె మార్షల్‌గానే, అతడు దొంగగానే ఉంటారు. నా దృష్టిలో ఆ చిత్రానికి బలమంతా అక్కడే ఉంది.

జైలు నుంచి పారిపోతూ జాక్ ఆమెతో పాటు కారు డిక్కీలో దాక్కున్నప్పుడు, ఆ ఇరుకులో, ఎర్రని మసక వెలుగులో వారు మాట్లాడుకునేది ఎక్కువగా సినిమాల గురించే అయినా, ఆమె బందీ అనీ అతడు పరారీలో ఉన్న ఖైదీ అనీ మనం క్షణమైనా మరచిపోము. దర్శకుడు దీనిని మొదట ఒకే సుదీర్ఘమైన షాటుగా చిత్రీకరించి, ప్రివ్యూ ప్రేక్షకులకు అది రుచించకపోవడంతో ముక్కలుగా మళ్లీ తీశారు. నిడివి విషయంలో మీరూ అంత నిర్దయగా ఉండాలి.

ఇక డెట్రాయిట్ హోటల్ సన్నివేశాన్ని మీ బృందమంతా కలిసి మళ్లీ మళ్లీ చూడండి. కిటికీ బయట మంచు కురుస్తుండగా బారులో వారి సంభాషణ సాగుతూనే ఉంటుంది, దృశ్యం మాత్రం వారు తరువాత చేరబోయే గదిలోకి ముందుగానే వెళ్లి, అక్కడక్కడ క్షణకాలం స్తంభించి, మళ్లీ కదులుతుంది. ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’కు ఆస్కార్ అందుకున్న ఆన్ కోట్స్ ఎంత గొప్ప ఎడిటరో ఈ ఒక్క సన్నివేశం చాలు చెప్పడానికి. ఈ కూర్పు కేవలం సొగసు కోసం చేసినది కాదు. తమకు దొరికినది కాస్త విరామం మాత్రమేనని ఆ ఇద్దరికీ తెలుసు గనుక, కాలం ముందుకూ వెనక్కూ ఊగిసలాడుతుంటే వారి మనఃస్థితే తెరపై కనబడుతుంది. చివరకు కారెన్ అతడి కాలిపై కాల్చి అరెస్టు చేసినప్పుడు మనకు కలిగే బాధకు పునాది ఇక్కడే పడింది.

మీ సన్నివేశాన్ని తీసివేయనక్కరలేదు. ఆమె ఫోను స్టేషను నుంచి మోగనివ్వండి, అతడి చూపు పారిపోవడానికి వీలున్న దారులపై ఉండనివ్వండి, ఆ ఫోను ఎత్తాలా వద్దా అన్నది ఆమెనే తేల్చుకోనివ్వండి.