రైతు రాసిన సందేహం సర్వర్‌కు ఆదేశం కాకూడదంటే

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే మా బాబాయి కోసం నేనే ఒక వెబ్‌సైటు తయారుచేశాను. అందులో రోజువారీ ధరలు పెడతాము. రైతులు ఫారంలో రాసే సందేహాలు అదే పేజీ ఫైలు చివర చేరతాయి. పేజీలన్నీ ఎస్‌హెచ్‌టీఎంఎల్ రకానివి (అంటే పంపే ముందు సర్వర్ చదివి, అందులోని ఆదేశాలను అమలుచేసే పేజీలు), సర్వర్ సాఫ్ట్‌వేర్ అపాచీ. సర్వర్ సైడ్ ఇంక్లూడ్ ఇంజెక్షన్ (బయటివారు అలాంటి ఆదేశాన్ని పేజీలోకి చొప్పించడం) జరగవచ్చని ఒక మిత్రుడు హెచ్చరించడంతో, ఫారంలో ‘ఎక్సెక్’ (సర్వర్‌లో ప్రోగ్రాములను నడిపే ఆదేశం) అనే పదం వస్తే తొలగించేలా రాశాను. సరిపోతుందా?
— ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: సరిపోదు. ఎస్‌హెచ్‌టీఎంఎల్ పేజీని పంపే ముందు అపాచీలోని మాడ్ ఇంక్లూడ్ మాడ్యూల్ దాన్ని చదివి, హెచ్‌టీఎంఎల్ వ్యాఖ్య రూపంలో హాష్ గుర్తుతో ఉన్న ఆదేశం కనిపిస్తే అమలు చేసి, ఫలితాన్ని అక్కడే ఉంచుతుంది. సందేహాలు కూడా అదే ఫైలులో చేరుతున్నందున, మీరు రాసిన ఆదేశమేదో, బయటివారు ఫారంలో రాసినదేదో సర్వర్‌కు తెలియదు.

ఇక మీ వడపోత సంగతి. ఎక్సెక్ అక్షరాల నడుమ మరో ఎక్సెక్‌ను ఇరికించి పంపితే, మీ ప్రోగ్రాము లోపలి పదాన్ని తీసివేయగానే మిగిలిన ముక్కలు కలిసి మళ్లీ అదే పదమవుతాయి! అది జరగకపోయినా ఇంక్లూడ్, ప్రింట్‌ఎన్వ్ ఆదేశాలు మిగిలే ఉంటాయి. మొదటిది సైటులోని ఇతర ఫైళ్లను, రెండవది సర్వర్ వేరియబుల్స్‌ను (సర్వర్ తన వద్ద ఉంచుకునే వివరాలను) బయటపెట్టగలదు.

సందేహాలను డేటాబేసులో దాచి, చూపించేటప్పుడు కోణాకారపు గుర్తులను, కొటేషన్ గుర్తులను, ఆంపర్‌సాండ్‌ను హెచ్‌టీఎంఎల్ ఎంటిటీలుగా (ఆ గుర్తులను కేవలం అక్షరాలుగా చూపే సంకేతాలుగా) మార్చండి. అప్పుడు ఆదేశం పాఠంగా కనిపిస్తుందే తప్ప పనిచేయదు. టిక్కీల (మిర్చి బస్తాల) సంఖ్య అడిగే గడి ఉంటే అందులో అంకెలు తప్ప మరేవీ అంగీకరించకండి.

తేదీ, ఫుటర్ (పేజీ అడుగు భాగం) కోసమే ఈ సర్వర్ సైడ్ ఇంక్లూడ్ సదుపాయం వాడుతుంటే, ఆ పనిని పీహెచ్‌పీ ప్రోగ్రామింగ్ భాషకు అప్పగించి దీన్ని పూర్తిగా ఆపివేయడమే మేలని నా అభిప్రాయం. తప్పనిసరైతే అవసరమైన ఫోల్డరుకు మాత్రమే, ‘ఇంక్లూడ్స్ నోఎక్సెక్’ ఆప్షన్‌తో అనుమతించండి. అది ఎక్సెక్‌ను నిలిపివేస్తుంది. అయితే స్క్రిప్ట్ ఏలియాస్ ఫోల్డర్లలోని (ప్రోగ్రాముల కోసమే అపాచీలో కేటాయించినవి) సీజీఐ ప్రోగ్రాములను, అంటే సర్వర్ నడిపే స్క్రిప్టులను, ఇంక్లూడ్ ద్వారా పిలిచే వీలు మిగిలే ఉంటుంది కనుక అక్కడ పాత స్క్రిప్టులు ఉంటే తీసివేయండి.

మార్పులయ్యాక మీ ఫారంలో మీరే తేదీని చూపే ఎకో ఆదేశాన్ని రాసి పంపండి. పేజీలో ఆ ఆదేశం అక్షరాలా కనిపించాలి. తేదీ కనిపిస్తే రంధ్రం ఇంకా పూడలేదు. ఇప్పటికే ఫైలులో చేరిన పాత సందేహాలను బ్రౌజరులో కాక టెక్స్ట్ ఎడిటరులో తెరిచి పరిశీలించండి, ఎందుకంటే అమలైన ఆదేశం బ్రౌజరులో కనిపించదు.