పాలగడ్డను పిసకొద్దు చెల్లీ

బిడ్డకు 20 రోజులు, ఎడమ రొమ్ములో నిమ్మకాయంత గడ్డ, వేడి కాపడం పెట్టి గట్టిగా పిసకమని అత్తగారు అంటున్నారని రాశావు. ముందు ఆ పిసకడం ఆపేయ్. తిరుపతిలో మా పెద్దమ్మ నాకు నూనె రాసి మరీ నలిపింది. సాయంత్రానికి జాకెట్టు హుక్కులు పట్టనంత వాపు! లోపల పాలు బిరడాలా అడ్డుపడవు. పాలనాళాల చుట్టూ వాచి దారి ఇరుకవుతుంది, అంతే. నలిపితే ఆ వాపు ఇంకా పెరుగుతుంది.

పాలిచ్చాక ఐసుముక్కలు పలచటి తువ్వాలులో చుట్టి 10 నిమిషాలు పెట్టుకో. బాలింతకు చల్లనిదా అని ఇంట్లో గొడవ చేస్తారు, చేయనీ. బిడ్డ అడిగినప్పుడల్లా ఆ వైపూ ఇవ్వు. ఖాళీ చేద్దామని పంపు మాత్రం అదేపనిగా పెట్టకు, పిండేకొద్దీ పాలు ఇంకా ఊరతాయి. బిగుతు జాకెట్లు వద్దు. నొప్పికి ఐబుప్రొఫెన్ పాలిచ్చే తల్లులు వాడొచ్చు. కడుపులో పుండు, కిడ్నీ సమస్య, ఆ మాత్ర పడకపోవడం లాంటివి ఉంటే మాత్రం డాక్టర్‌ని అడక్కుండా వేసుకోకు.

ఒక రోజులో తగ్గకపోయినా, చలిజ్వరం వచ్చినా, చర్మం ఎర్రగా కందినా టెన్షన్ పడుతూ కూర్చోకుండా వెంటనే ప్రసూతి డాక్టర్‌కి చూపించు. యాంటీబయాటిక్ రాసినా పాలు మాన్పించాల్సిన పని సాధారణంగా ఉండదు.