కుందేళ్లను ఎవరికివ్వాలి?

ప్రశ్న: మా దగ్గర మూడేళ్ల కుందేళ్ల జత ఉంది. మేం మారబోయే ఇంట్లో పెంపుడు జంతువులను ఒప్పుకోరు. తీసుకుంటామని నలుగురు ముందుకొచ్చారు, అందులో ఒకరికి ఒక్కటే కావాలట. ఎలా తేల్చుకోవాలి?

జవాబు: ఒక్కటే కావాలన్నవారి పేరు ముందు కొట్టేయండి. కలిసి పెరిగిన జతను విడదీస్తే దిగులుతో మేత మానేయవచ్చు. కుందేలు పేగులు ఎప్పుడూ కదులుతూ ఉండాలి. 12 గంటలు ఏమీ తినకపోయినా, పెంటికలు వేయకపోయినా ప్రాణం మీదికి వచ్చినట్టే.

మిగిలిన ముగ్గురినీ ‘కుందేళ్లంటే ఇష్టమేనా’ అని అడిగి లాభం లేదు. కాదని ఎవరంటారు? ఎక్కడ ఉంచుతారు, ఏం పెడతారు, ఊరెళ్తే ఎవరు చూసుకుంటారు అని అడగండి. ‘బోను కొన్నాం’ అంటే కొలతలు చెప్పమనండి. రెండింటికీ 10 అడుగుల పొడవు, 6 అడుగులకు పైగా వెడల్పు, వెనక కాళ్ల మీద నిలబడితే చెవులు తగలనంత ఎత్తు ఉన్న చోటు రాత్రింబవళ్లు తిరగడానికి ఉండాలి. గదిలో ఒక పక్క కంచె పెట్టినా సరే. అడుగున ఇనుప తీగలున్న బోను మాత్రం వద్దు. కుందేలు పాదాలకు కుక్కకున్నట్టు మెత్తలుండవు, ఉన్నది బొచ్చే. అది అరిగితే అరికాళ్లు పుండ్లవుతాయి.

‘రోజూ క్యారెట్లు పెడతాం’ అన్నవారిని వెంటనే తోసేయకండి, తెలియక అంటారు. మేతలో 80 శాతానికి పైగా గడ్డే ఉండాలని, క్యారెట్ ఎప్పుడో ఒక ముక్క చాలని చెప్పి చూడండి. పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమిలితేనే అరుగుతాయి. విని మళ్లీ ప్రశ్నలు వేసేవారు మంచి యజమానులవుతారు. ‘అదంతా మాకు తెలుసులెండి’ అనేవారితోనే చిక్కు.

చిన్నపిల్లలున్న ఇల్లయితే బాధ్యత ఏ పెద్దవారిదో తేల్చుకోండి. ఎత్తుకున్నప్పుడు కుందేలు గింజుకుని తన్నితే దాని వెన్నెముకే విరగవచ్చు. అందుకే నేల మీద కూర్చుని ఆడుకోవడం పిల్లలకు నేర్పాలి. కుందేళ్లు 8 నుంచి 12 ఏళ్లు బతుకుతాయని కూడా చెప్పండి.

ఇచ్చే ముందు ఆ ఇల్లు చూసి రండి. కొరకడానికి అందే వైర్లు, ఎండ నేరుగా పడే బాల్కనీ ఉన్నాయేమో గమనించండి. 30 డిగ్రీలు దాటితే వడదెబ్బ భయం ఉంటుంది. ‘ఉచితంగా ఇస్తాం’ అని ప్రకటించకండి. మాంసానికో, పాములకు మేతగానో తీసుకెళ్లేవారూ వస్తారు.

అప్పగించేటప్పుడు ఇప్పుడు తినే దాణా 10 రోజులకు సరిపడా ఇవ్వండి. కొత్త దాణాకు ఒక్కసారిగా మారిస్తే కడుపు చెడుతుంది. అవి పడుకునే గుడ్డ ఉతక్కుండా ఇవ్వండి, తమ వాసన ఉంటే కుదురుకుంటాయి. అక్కడ కుదరకపోతే ఇంకెవరికో కాకుండా మీకే తిరిగివ్వాలని ముందే మాట తీసుకోండి.

ప్రశ్న: ఎవరూ దొరక్కపోతే పొలాల్లో వదిలేయవచ్చా?

జవాబు: వద్దు. బోనులో పుట్టి పెరిగినవాటికి బొరియ ఉండదు, శత్రువు నుంచి తప్పించుకోవడం తెలియదు. కుక్కలకో, పిల్లులకో చిక్కుతాయి.

ప్రశ్న: రెండూ ఆడవే అనుకుని ఇచ్చాం. ఒకటి మగదని తీసుకున్నవారు అంటున్నారు.

జవాబు: 3 నెలల లోపు పిల్లల్లో ఈ పొరపాటు మామూలే. డాక్టరుకు చూపించేదాకా రెండింటినీ వేర్వేరుగా, మధ్యలో కంచె పెట్టి ఉంచమనండి. చూలు 31 రోజులే, ఈనిన రోజే మళ్లీ కట్టవచ్చు. మగదానికి ఆపరేషన్ చేయించినా 6 వారాలు ఆగాకే కలపాలి. ఈలోగా ఆడది బొచ్చు పీక్కుని గూడు కడుతుంటే కదిలించకూడదు. పుట్టిన పిల్లలను 8 వారాలు నిండేదాకా తల్లి దగ్గర నుంచి తీయకూడదు.