పుస్తకం వేసే ముందు: పాపకు పెదనాయన జాబు

తిరుపతి

పాపా,

నీ కథల కట్టా, దాంట్లో పెట్టిన చీటీ అందాయి. కథలన్నీ చదివాను, కొన్ని రెండోసారి కూడా చదివాను. నువ్వు అడిగినదానికి ఫోన్లో రెండు ముక్కలు చెప్పి ఊరుకోవడం ఇష్టం లేక ఇలా రాస్తున్నాను. "ముప్పై అయిదేళ్లు దాటితే సాహిత్య అకాడమీ యువ పురస్కారానికి పనికిరాను. ఇంక మూడేళ్లే ఉంది పెదనాయనా, అకాడమీ వాళ్లకు నచ్చేట్టు కథలు ఎట్లా రాయాలి?" అన్నావు. ఈ టెన్షన్ నీ కథల్లోకీ దూరింది. ముఖ్యంగా ఈమధ్య రాసిన రెండిట్లో బాగా కనబడుతోంది. కాబట్టి ముందు ఆ అవార్డు సంగతే మాట్లాడుకుందాం.

కేంద్ర సాహిత్య అకాడమీని 1954లో పెట్టారు. మరుసటి ఏడు నుంచే దాని పెద్ద అవార్డు మొదలైంది. నువ్వనే యువ పురస్కారం చాలా తర్వాతది, దాని సంగతి చివర్లో చెబుతాను. తెలుగులో మొదటిది సురవరం ప్రతాపరెడ్డి గారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కు వచ్చింది. అది కథా కాదు, నవలా కాదు. కథకో నవలకో అంటూ అక్కడ విడిగా అవార్డు లేదు. కవిత్వం, విమర్శ, ఆత్మకథ, అన్నీ కలిపి ఒక్కో భాషలో ఏడాదికి ఒక్క పుస్తకం. తెలుగు నవలకు మొదటిసారి దక్కింది 1963లో, గోపీచంద్ 'పండిత పరమేశ్వర శాస్త్రి వీలునామా'కు. అప్పటికి ఆయన కన్నుమూశారు.

నువ్వు గమనించాల్సింది ఇంకొకటి ఉంది. 2022 అవార్డుకు చూసింది 2016 నుంచి 2020 దాకా వచ్చిన పుస్తకాలను. అంటే అచ్చయిన పుస్తకం ఏళ్ల తర్వాత లెక్కలోకి వస్తుంది. అందులోని కథలు ఇంకెన్నేళ్ల ముందు రాసినవో! చివర్లో తేల్చేది ముగ్గురు జడ్జీలు. నువ్వు ఈరోజు రాసే కథను రేపు ఏ ముగ్గురు చదువుతారో ఎవరికీ తెలీదు. ముఖం తెలియని ముగ్గురికి నచ్చేట్టు రాయడం ఎవరి తరం? పాలగుమ్మి పద్మరాజు గారి 'గాలివాన' కథకు 1952లోనే ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చింది. అదే పేరున్న సంపుటికి మన అకాడమీ అవార్డు ఇచ్చింది 1985లో. అప్పటికి ఆయన కూడా లేరు. కాళీపట్నం రామారావు గారు, అదే మన కారా మాస్టారు, 'యజ్ఞం' కథ రాసింది 1960ల్లో, 'యజ్ఞంతో తొమ్మిది'కి అవార్డు 1995లో. ఆ కథలు రాసేటప్పుడు వాళ్ల ఎదురుగా ఉన్నది ఆ మనుషులూ, ఆ ఊళ్లే.

ఇంకో మాట. ఆ జాబితాలో పేరు లేనంత మాత్రాన ఎవరూ తక్కువ కాదు. అందులో బుచ్చిబాబు పేరు లేదు, చాసో పేరు లేదు, కొడవటిగంటి కుటుంబరావు పేరు లేదు. మన జిల్లా కథకుడు నామిని పేరూ లేదు. ఆయన 'పచ్చ నాకు సాక్షిగా' చదివి మీ నాయన కళ్లు తుడుచుకోవడం నువ్వే చూశావు గదా. కాబట్టి ఆ జాబితాను ర్యాంకుల పట్టికలా చూడొద్దు. ఎవరి దగ్గర ఏ పని నేర్చుకోవచ్చో తెలుసుకోవడానికి వాడుకో. దానికి మాత్రం అది చాలా బాగా పనికొస్తుంది.

మొదలుపెట్టడం మధురాంతకం రాజారాం గారితో మొదలుపెట్టు. 1993లో ఆయన కథల సంపుటికి అవార్డు వచ్చింది. మొగరాలలో పుట్టి, బడిపంతులుగా పనిచేస్తూ, దామలచెరువులో ఉంటూ వందల కథలు రాశారు. మీ ఊరి నుంచి దామలచెరువు ఎంత దూరమని? ఆ బస్సులూ, ఆ బడులూ, ఆ రచ్చబండలూ నువ్వు పుట్టి పెరిగిన చోటివే. ఆయన్ని చదివేటప్పుడు ఒక పని చెయ్యి. కథలో కొత్త మనిషి వచ్చిన ప్రతిచోటా పెన్సిలుతో గీత పెట్టు. ఆ మనిషి గురించి మనకు ముందు ఏం చెప్పారు, నడకా, మాటా, పనా అన్నది పక్కన రాసుకో. పది కథలు అట్లా చదివితే, నీ కథల్లో మనుషులు రాగానే వాళ్ల గుణాలు ఏకరువు పెట్టే అలవాటు తానే వదిలిపోతుంది. 'ఎంతో మంచివాడు, కష్టజీవి' అని నువ్వు రాసిన ప్రతిచోటా నేను సున్నా చుట్టాను, చూసుకో.

ఆయన తర్వాత వెంటనే నరేంద్ర గారి నవల 'మనోధర్మపరాగం' చదువు. రాజారాం గారి కొడుకే. మన ఎస్వీ యూనివర్సిటీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పారు. 2022 అవార్డు ఆ నవలకే. దేవదాసీల కుటుంబాలు, కర్ణాటక సంగీతం, తమిళ తెలుగు దేశాలు కలిసే చోట సాగిన బతుకులు అందులో కథావస్తువు. తండ్రికీ కొడుక్కీ ఇదే అవార్డు రావడం మన జిల్లాకు ఎంత గర్వమో నీకు చెప్పక్కర్లేదు. కానీ నేను చూడమనేది అది కాదు. తండ్రి రాసిన తోవలో కొడుకు పోలేదు. ఒకే ఇంట్లో, ఒకే నేల మీద, తండ్రి చిన్న కథలో చిన్న మనుషుల్ని పట్టుకుంటే, కొడుకు పెద్ద నవలలో తరాల సంగీతాన్ని పట్టుకున్నాడు. సొంత నాయన దారి ఎంత బాగున్నా తనది వేరని తెలుసుకోవడానికి ధైర్యం కావాలి. నువ్వు నామినిని అనుకరించి రాసిన కథ చదివినప్పుడు నాకు ఇదే అనిపించింది. యాస నీదే, నోరు మాత్రం ఆయనది.

యాస గురించి అడిగావు కాబట్టి చెబుతాను. కథ చెప్పేదంతా మన మాటలోనే చెప్పొచ్చు. లేదా కథకుడు అందరికీ తెలిసిన తెలుగులో చెబుతూ, మనుషులు నోరు తెరిచినప్పుడు మాత్రం మన జిల్లా వినిపించొచ్చు. రెండూ మంచివే. ఏది నీకు సులువుగా వస్తుందో తేల్చుకుని కథ పొడుగునా దాన్నే పట్టుకో. సగంలో మార్చొద్దు.

ఇప్పుడు నీ మామిడికాయల కథకు వస్తాను. ఈ కట్టలో నాకు అన్నిటికంటే నచ్చింది అదే, బాధ పెట్టిందీ అదే. గుజ్జు ఫ్యాక్టరీ గేటు బయట ట్రాక్టర్లు వరసకట్టి ఉన్నాయి. టోకెన్ అందలేదు. నాయన ట్రాలీ కింద గోనెపట్ట పరుచుకుని పడుకున్నాడు. తెల్లారి లేస్తే, అడుగున నలిగిన తోతాపురి కాయల రసం చెక్కల సందుల్లోంచి కారి ఆయన చొక్కా వీపంతా అట్టకట్టింది. ఈ ఒక్క పేరా కోసం నీ సంపుటి కొని చదవొచ్చు పాపా. నిజంగా అంటున్నాను. పోయినేడు నాకు చూపించిన ప్రతిలో ఈ పేరా తర్వాత నాయన లేచి, చొక్కా విప్పి పిండుకుని, మళ్లీ వేసుకుని వరసలో నిలబడతాడు. అంతే. ఈసారి ప్రతిలో అక్కడ రెండు పేజీల ఉపన్యాసం చేరింది. గిట్టుబాటు ధర, దళారులు, ప్రభుత్వం. "మన శ్రమకు ఈ వ్యవస్థలో విలువ లేదు" అంటాడు మీ నాయన! ఆయన ఎప్పుడైనా అట్లా మాట్లాడాడా? "కోతకూలి గూడా రాదు గదరా ఈ కాయకు" అంటాడు. ఆ మాట పెట్టు, తక్కినదంతా తీసెయ్. ఢిల్లీలో కూర్చున్నవాళ్లకు సమస్య బరువు తెలియాలని ఆ రెండు పేజీలూ చేర్చావని నాకు అర్థమైంది. ఆ బరువు చొక్కాలోనే ఉంది.

అలాగని కథలో వాదన ఉండకూడదని కాదు. కారా మాస్టారి 'యజ్ఞం'లో ఎంత వాదన నడుస్తుంది! ఊరి చరిత్ర, అప్పు లెక్క, ధర్మం, న్యాయం. అప్పల్రాముడు గోపన్నకు పడిన బాకీ తీర్చాలా వద్దా అని పంచాయితీ పేజీలకు పేజీలు సాగుతుంది. కానీ అక్కడ వాదనే కథ. ఒక్కో మాటా అప్పల్రాముడిని ఒక్కో అడుగు వెనక్కి నెడుతుంది. చివరికి అతని కొడుకు సీతారాముడు చేసే పని చదివి గుండె ఆగినంత పనవుతుంది. అంతసేపూ విన్న మంచి మాటలన్నీ ఒక్కసారిగా తిరగబడి మన మొహానే కొడతాయి. ఆ కథను ఈసారి తీరిగ్గా, ఎవరి మాట ఎవరికి లాభమో గమనిస్తూ చదువు. నీ కథలో వాదన పెట్టాలనిపిస్తే అది మనుషుల మధ్య జరిగే తగువు కావాలి. నీ ఉపన్యాసం కాకూడదు.

మాస్టారు అవార్డు డబ్బు పెట్టి శ్రీకాకుళంలో 1997లో కథానిలయం మొదలుపెట్టారు. పాత పత్రికల్లో పడి ఎక్కడా దొరకని తెలుగు కథలు ఇప్పుడు అక్కడ దొరుకుతాయి. నెట్‌లో కూడా చూడొచ్చు. ఒక రచయిత తనకొచ్చిన బహుమతిని పక్కవాళ్ల కథలు దాచడానికి ఖర్చుపెట్టాడంటే, అంతకన్నా గొప్ప పని నాకు కనపడదు. రాజారాం గారి పాత కథలు దొరక్కపోతే అక్కడే వెతుకు.

ఆడవాళ్లకు వచ్చిందా అని కూడా అడిగావు. తెలుగులో మొదట ఇల్లిందల సరస్వతీదేవి గారికి, 1982లో, 'స్వర్ణ కమలాలు' కథలకు. తర్వాత 1992లో మాలతీ చందూర్ 'హృదయనేత్రి', 2005లో అబ్బూరి ఛాయాదేవి 'తనమార్గం', 2015లో ఓల్గా 'విముక్త'. విమర్శకు 2013లో కాత్యాయనీ విద్మహే గారికి. ఇన్నేళ్లలో ఇంతమందేనా అని నీకు కోపం వస్తే ఆ కోపం న్యాయమే. 'విముక్త' తప్పకుండా చదువు. అందరికీ తెలిసిన సీత కథలోకి శూర్పణఖనూ అహల్యనూ తెచ్చి సీతతో మాట్లాడించారు. పాత కథను తిరగరాయాలని నీకు ఉంది కదా, అది ఎంత పొదుపుగా చెయ్యొచ్చో తెలుస్తుంది. మన సీమ చరిత్ర మీద నవల రాయాలనుకున్న రోజున 2019లో అవార్డు వచ్చిన బండి నారాయణస్వామి 'శప్తభూమి' తీసి చూడు. ఇప్పుడే వద్దు.

కథ ఎలా కట్టాలో చెప్పే పుస్తకం ఒక్కటే చదవాలంటే వల్లంపాటి వెంకటసుబ్బయ్య గారి 'కథాశిల్పం'. మదనపల్లె బీటీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పిన మనిషి. 1999 అవార్డు దానికే. నా దగ్గర ఉంది, ఇస్తాను. గీతలు పెట్టుకోవచ్చు.

ఇక పుస్తకం వేసే సంగతి. లోపలి పేజీలో మొదటి ముద్రణ నెల, ఏడు స్పష్టంగా ఉండేట్టు చూడు. ఏ అవార్డు లెక్కకైనా అదే ఆధారం. ఐఎస్‌బిఎన్, అంటే పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు, తీసుకో. ప్రూఫులు నువ్వొక్కదానివే దిద్దొద్దు. సొంత తప్పులు సొంత కంటికి ఆనవు. నాకొక కాపీ, మీ బడిలో తెలుగు టీచరుకొక కాపీ ఇవ్వు. యువ పురస్కారానికి అకాడమీ ప్రకటన ఇచ్చి పుస్తకాలు పిలుస్తుంది. ఆ ఏడు జనవరి 1 నాటికి 35 దాటకూడదు, పుట్టినతేదీ రుజువు జత చేయాలి. పురస్కారం 50,000 రూపాయలూ తామ్రఫలకమూ. పెద్ద అవార్డుకైతే లక్ష. నీ పుస్తకం సిద్ధమైతే తప్పకుండా పంపు, మొహమాటపడొద్దు. 2011లో ఈ పురస్కారం మొదలైన ఏడే కడప జిల్లా వేంపల్లి గంగాధర్‌కు 'మొలకల పున్నమి' కథలకు వచ్చింది. 2024లో రమేష్ కార్తీక్ నాయక్ 'ధావ్లో' కథలకు వచ్చింది. అతను రాసింది తన తండా బతుకు.

కానీ సిద్ధం కాని కథను వయసు దాటిపోతుందని అచ్చుకు ఇవ్వొద్దు. ఈ విషయంలో మాత్రం నా మాట విను. కట్టలో ఏడు కథలు ఇప్పుడే అచ్చుకు ఇవ్వొచ్చు. మూడిటికి మరమ్మతు కావాలి. చివరి రెండూ పక్కన పెట్టెయ్. ఏడు కథల పుస్తకం చిన్నదని ఎవరూ అనరు.

ఇంకొకటి. పుస్తకం బయటికి రాగానే 'జాతీయ అవార్డుకు ఎంపికయ్యారు, ఇంత కట్టండి' అని ఫోన్లు వస్తాయి. శాలువా, మెమెంటో, ఫొటో అంటారు. నాకు తెలిసిన ఒకాయన అట్లాగే కట్టి, తర్వాత అది ఎవరికీ చెప్పుకోలేకపోయాడు. అకాడమీ అవార్డు ఇవ్వడానికి రచయిత దగ్గర డబ్బు అడగదు. అట్లాంటి ఫోన్ వస్తే పెట్టెయ్.

వచ్చే ఆదివారం తిరుపతికి వస్తావని మీ పెద్దమ్మతో అన్నావంట. పొద్దున్నే వచ్చేయ్. మామిడికాయల కథ రెండు ప్రతులూ తీసుకురా, పాతదీ కొత్తదీ. పక్కపక్కన పెట్టుకుని గట్టిగా చదువుదాం. మధ్యాహ్నం విశాలాంధ్ర పుస్తకాల షాపుకు పోయి 'విముక్త' కొందాం. మీ నాయన్ని కూడా రమ్మను. కోతకూలి లెక్క నీ కథలో తప్పు పడింది, ఆయన్నే అడిగి సరిచేద్దాం.

ఇట్లు,
మీ పెదనాయన