గాలికి తోలు బిగించలేం

ప్రశ్న: తిరుపతి బైరాగిపట్టెడలో రెండో అంతస్తులో అద్దెకు ఉంటున్నాం. డ్రమ్స్ నేర్చుకోవాలన్న ఆశ ఎప్పటినుంచో ఉన్నా, కింది వాటాలో పసిబిడ్డ ఉండటం వల్ల సెట్టు కొనలేకపోతున్నాను. గాలిలో కర్రలు ఆడిస్తే హెడ్‌ఫోన్‌లో మోత వినిపించే ఎయిర్ డ్రమ్స్ వాయిస్తే అసలు డ్రమ్స్ వాయించినట్లే ఉంటుందా? ఆ సాధన రేపు పనికివస్తుందా?
— ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: చెవికి చాలావరకు అలాగే ఉంటుంది, చేతికి మాత్రం ఉండదు. గంగమ్మ జాతరలో పలకలు కొట్టేవారు మధ్యమధ్య మంట దగ్గర పలకను కాచుకోవడం మీరు చూసే ఉంటారు. అది మోత ఖంగుమనడానికే కాదు, బిగిసిన తోలు మీద పుల్ల పడీపడగానే లేవడానికి కూడా. డ్రమ్స్ సంగతీ అంతే. 14 అంగుళాల స్నేర్ (సెట్టులో వాయించేవారికి ఎదురుగా ఉండే డ్రమ్) మీద కర్ర పడనిస్తే తోలే దాన్ని పైకి ఎగరేస్తుంది (ఇప్పుడు బిగించేది ప్లాస్టిక్ పొరే అయినా నా నోటికి అది తోలే). ఆ ఎగురును వేళ్లతో అందుకొని, మణికట్టు ఒక్కసారి కదిపి రెండు దెబ్బలు రాబట్టడాన్నే డబుల్ స్ట్రోక్ అంటారు.

గాలిలో కర్రను దించేదీ, ఆపేదీ, తిరిగి లేపేదీ మీరే. అసలు డ్రమ్ మీద ఆ ఆపే పని తోలుది. నేను మొదటిసారి ఒక మిత్రుని ఎయిర్ డ్రమ్స్ పట్టినప్పుడు పావుగంటకే ముంజేతులు పట్టేశాయి. కర్రలు చేజారిపోతాయేమోనన్నంత బిగించి పట్టుకున్నానని ఆ తరువాత గానీ గ్రహించలేదు. ఆ బిగింపే అలవాటైతే రేపు అసలు సెట్టు మీద దాన్ని మాన్పించడానికి గురువుకు నెలలు పడుతుంది.

ఎయిర్ డ్రమ్స్‌లో ఏరోడ్రమ్స్ అనే బ్రాండు వంటివి కర్ర కొసన మెరిసే బంతిని కెమెరాతో గమనిస్తాయి. మరికొన్నిట్లో కర్రకు తగిలించిన సెన్సర్ దాని కదలికను, కోణాన్ని లెక్కగడుతుంది. ఈ రెండో రకంలో లెక్క కొద్దికొద్దిగా తప్పుతూ పోవడం వల్ల, ఎదురుగా ఉన్న స్నేర్ కొంతసేపటికి పక్కకు జరిగినట్లై మళ్లీ సరిచేసుకోవలసి వస్తుంది. బ్లూటూత్ హెడ్‌ఫోన్ మాత్రం వద్దు. అందులో మోత సెకనులో పదో వంతు ఆలస్యమైనా, మీరు ఇక్కడ కొట్టిన దెబ్బ 34 మీటర్ల అవతల మోగినట్లే; ఆ ఎడంతో ఎవరికీ తాళం నిలవదు. వైరు ఉన్నదే వాడండి.

అలాగని అవి వృథా అనను. కుడిచేయి హై-హ్యాట్ (ఒకదానిపై ఒకటి ఉండే తాళాల జత) మీద నాలుగు లెక్కలకు ఎనిమిది దెబ్బలు వేస్తుండగా ఎడమచేయి రెండో లెక్కకు, నాలుగో లెక్కకు స్నేర్ మీద పడటం, కుడికాలు వేరే లెక్కలో నడవడం వంటివి మెదడు నేర్చుకోవలసిన పాఠాలు. వాటికి గాలి చాలు. చేతి కోసం మాత్రం ఒక రబ్బరు ప్రాక్టీస్ ప్యాడ్ కొని, దిండు మీద పెట్టుకొని రోజూ అరగంట సింగిల్, డబుల్ స్ట్రోకులు సాధన చేయండి. మోత గది దాటదు.

ఇంకొక్క మాట. ఎయిర్ డ్రమ్స్‌లో బేస్ డ్రమ్‌కు పెడల్ బదులు పాదాన్నే ఆడించాలి కాబట్టి, ఊపులో ఉన్నప్పుడు మడమ నేలకేసి కొట్టేస్తాం. ఆ దడదడ స్లాబు గుండా నేరుగా పసిబిడ్డ ఊయల దాకా పోతుంది. కాలి కింద పాత బొంత నాలుగు మడతలు వేసుకోండి.