చేప లేని నెల్లూరు చేపల పులుసు: ఆరేళ్లుగా చేస్తున్నా, కుదురుతుంది

మాంసాహారం మానేసి మూడు నెలలైందనీ, అన్నీ మర్చిపోయినా నెల్లూరు చేపల పులుసు మాత్రం మర్చిపోలేకపోతున్నాననీ, దాన్ని శాకాహారంగా చేసుకునే దారుందా అనీ అడిగారు. ఉంది. నాదీ నెల్లూరే, నేను మానేసి ఆరేళ్లు దాటింది. మొదటిసారి అడిగినప్పుడు మా అమ్మ "చేప లేకుండా చేపల పులుసేందిరా, చింతపండు నీళ్లు తాగు" అంది. ఇప్పుడు ఆమే చేసి పెడుతుంది.

ముందు నేను పాడు చేసినవి చెప్తా, మీకు సరుకు మిగులుతుంది. పనీర్ వేశాను. పులుసు దాని లోపలికి పోనే పోదు, పైన పులుపు, లోపల చప్పిడి. మీల్ మేకర్ వేస్తే చట్టిలో ఉన్న పులుసంతా అదే తాగేసి, కొరికితే పిండిన స్పాంజిలా ఉంది. వంకాయ బాగానే కుదిరింది గానీ, తింటుంటే వంకాయ పులుసే గుర్తొస్తుంది, మనం వెతికేది అది కాదు. చామదుంప ఫర్వాలేదు, ఉడికించి వేయించి వేస్తే జిగురు తగ్గుతుంది. చివరికి నిలిచింది అరటికాయ.

నలుగురికి మూడు కాయలు చాలు. చెక్కు తీసి, చేప ముక్కల్లా ఏటవాలుగా వేలెడు మందాన కోసి, నల్లబడకుండా ఉప్పునీళ్లలో వేయండి. తర్వాత నీళ్లు వంపేసి పసుపు, ఉప్పు, కారం పట్టించి, కాస్త బియ్యప్పిండి చల్లి, పెనం మీద నూనె వేసి సన్నటి మంట మీద రెండు వైపులా కాల్చండి. లోపలిదాకా ఉడకాలి. ఇది మాత్రం వదలొద్దు. పచ్చి ముక్కల్ని నేరుగా చింతపండు పులుసులో వేస్తే అరగంట తెర్లినా గట్టిగానే ఉంటాయి, పులుపు తగిలాక కూరగాయ మెత్తబడటం చాలా కష్టం. ఇది తెలియక నేను రెండుసార్లు రాళ్లలాంటి ముక్కలు తిన్నాను.

ఇక పులుసు. చేపలో ఉండే కొవ్వు, జిగురు పులుసుకి చిక్కదనం ఇస్తాయి. అవి లేనప్పుడు పులుసు పలచగా, ఏదో వెలితిగా అనిపిస్తుంది. అందుకే నూనె దగ్గర పిసినారితనం వద్దు, ఆరేడు చెంచాల నువ్వుల నూనె పోయండి. రెండు ఎర్రగడ్డల్లో (ఉల్లిపాయల్లో) ఒకటి సన్నగా తరిగి, ఇంకోటి నిప్పుల మీదో గ్యాస్ మంట మీదో కాల్చి నూరి పెట్టుకోండి. ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు, చితక్కొట్టిన తెల్లగడ్డలతో (వెల్లుల్లితో) తిరగమాత పెట్టి, తరిగిన ఎర్రగడ్డ వేగాక నూరిన ముద్ద, ఆ తర్వాత మూడు టమోటాలు వేసి నూనె పైకి తేలేదాకా వేయించండి. పసుపు, మూడు చెంచాల కారం, రెండు చెంచాల ధనియాల పొడి, ఉప్పు, పెద్ద నిమ్మకాయంత చింతపండు రసం. పచ్చివాసన పోయేదాకా బాగా తెర్లనివ్వండి, తొందరపడితే కుదరదు.

ముక్కలు వేశాక గరిటె పెట్టొద్దు. చట్టి అంచుల్ని గుడ్డతో పట్టుకుని తిప్పాలి. చేప విరిగిపోతుందని అలవాటైన పద్ధతి ఇది. అరటికాయ అంత తేలిగ్గా విరగదు గానీ, మా అమ్మ చెయ్యి ఇప్పటికీ అలాగే తిప్పుతుంది, నాకూ అదే వచ్చింది. ఐదు నిమిషాలయ్యాక సగం పుల్ల మామిడికాయ ముక్కలు వేయండి. ముందే వేస్తే కరిగిపోయి ఆనవాలు కూడా దొరకదు.

దించేముందు వేసే పొడిలోనే అసలు గుట్టుంది. అర చెంచా మెంతులు, చెంచా ఆవాలు, చెంచా జీలకర్ర విడివిడిగా దోరగా వేయించి పొడి చేసి చల్లండి. నన్నడిగితే చేపల పులుసు అని మన ముక్కుకి చెప్పేది చేప ఒక్కటే కాదు, ఈ మెంతుల వాసనా, మామిడి పులుపూ కూడా. మెంతులు మాడితే మాత్రం చట్టి మొత్తం చేదు, బాగుచేసే దారి లేదు. చేప నీచు వాసన తెప్పించాలని ఏవేవో కలపబోకండి, నేను ఆ ప్రయత్నం ఎప్పుడో మానేశాను.

వండిన వెంటనే తిని "ఇది కాదు" అనుకోవద్దు. రాత్రి వండి మూతపెట్టి వదిలేయండి, పొద్దున ఇడ్లీలోకో దోసెలోకో వేసుకోండి. అరటికాయ రాత్రంతా పులుసు పీలుస్తుంది కాబట్టి దించేటప్పుడే కాస్త జారుగా ఉంచుకోవాలి. ఫ్రిజ్‌లో పెడితే ముక్కలు గట్టిపడతాయి. అలాంటప్పుడు అర గ్లాసు వేడినీళ్లు పోసి ఒక్క తెర్లు రానిస్తే మళ్లీ మెత్తబడతాయి.